వంట నేర్పడమూ సదఖాయే

 

హజ్రత్ అబూబక్ర్ సిద్దీఖ్ (రజి) గారి కుమార్తె హజ్రత్ అస్మా (రజి అన్హా) తన కాపురం తొలి రోజుల గురించి స్వయంగా చెప్పిన ఒక ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. హజ్రత్ జుబైర్ (రజి)తో ఆమెకు వివాహమైనప్పుడు ఆ ఇంట్లో ఆస్తి అంటూ ఏమీ లేదు. ఉన్నదల్లా ఒక గుర్రం, నీళ్ళు మోసే ఒక ఒంటె. గుర్రానికి మేత వేసేదీ ఆమే, నీళ్ళు తోడేదీ ఆమే, తోలుతిత్తి చిరిగితే కుట్టేదీ ఆమే. ఖర్జూరపు గింజలు ఏరి, తలమీద పెట్టుకుని, చాలా దూరం నడిచి ఇంటికి తెచ్చేవారు. పిండి కూడా తానే పిసికేవారు. కాని రొట్టె కాల్చడం మాత్రం తనకు సరిగా వచ్చేది కాదని ఆమె చెప్పారు. పొరుగున ఉండే అన్సారు స్త్రీలు వచ్చి ఆమెకు రొట్టెలు చేసిపెట్టేవారట. వాళ్ళు ఎంతో నిజాయితీ గల స్త్రీలని ఆమె మెచ్చుకున్నారు.

ఈ ఉల్లేఖనాన్ని మన బయానుల్లో ఎక్కువగా భార్య ఓర్పు గురించి చెప్పడానికే వాడుతుంటారు. అది తప్పు కాదు. కాని అందులో రెండో విషయం కూడా ఉంది. సిద్దీఖ్ గారి కూతురికి రొట్టె చేయడం రాదు. ఆ మాట చెప్పడానికి ఆమె సిగ్గుపడలేదు. ఇరుగుపొరుగు స్త్రీలు ఎగతాళి చేయలేదు. "మీ అమ్మ ఏమీ నేర్పలేదా?" అని ఎవరూ అడిగినట్లు లేదు. వచ్చారు, కూర్చున్నారు, రొట్టె చేశారు. ఆ మేలు ఆమెకు జీవితాంతం గుర్తుంది. ఆ రొట్టె ముక్కల ప్రస్తావన హదీసు గ్రంథాల్లోకి ఎక్కింది.

ఈ రోజు నేను మీ ముందు పెట్టదలచుకున్నది ఆ రెండో విషయమే. పేద కుటుంబాలకు తక్కువ ఖర్చుతో, బలమైన తిండి ఇంట్లో వండుకోవడం నేర్పడం కూడా ఒక సమాజసేవ, ఒక సదఖా. బియ్యం బస్తా ఇచ్చేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు, అల్హమ్దులిల్లాహ్. ఆ బియ్యంతో పాటు పొయ్యి దగ్గర ఒక గంట కూర్చునేవాళ్ళు తక్కువ.

వంట రాకపోవడానికి కారణం ఎవరు?

"వంట రాని ఆడది ఉంటుందా?" అని కొందరు పెద్దలు ఆశ్చర్యపోతారు. మన బస్తీల సంగతి వారికి తెలియదన్నమాట. నిజామాబాద్ వైపు వెళ్ళి చూడండి. బీడీలు చుట్టే తల్లి పక్కన కూతురు చిన్నప్పటినుండే ఆకు కత్తిరిస్తూ కూర్చుంటుంది. హైదరాబాద్ పాతబస్తీలో లక్క గాజులకు రాళ్ళు అతికించే పని ఇంటింటా ఉంది. జర్దోజీ మగ్గం ముందు కూర్చున్న అమ్మాయి తల ఎత్తదు. రోజుకు ఎన్ని బీడీలు చుడితే అంత కూలి, ఎన్ని గాజులు పూర్తయితే అంత పైసలు. ఆ ఇంట్లో తల్లికి వంట నేర్పే తీరిక లేదు, కూతురికి నేర్చుకునే తీరిక లేదు. ఉదయం చాయ్‌తో పాపే, మధ్యాహ్నం అన్నం మీద ఏదో ఒక పులుసు, పిల్లవాడు ఏడిస్తే కొట్టు నుంచి ఐదు రూపాయల ప్యాకెట్టు. ఇలా పెరిగిన అమ్మాయికి నికాహ్ అయి, ఒక గది అద్దె ఇంట్లోకి వెళితే ఆమెకు ఏం తెలుస్తుంది? నానమ్మ చేసిన దాల్చా పేరు తెలుసు, చేయడం తెలియదు.

అంటే పేదరికం జేబును మాత్రమే ఖాళీ చేయదు. చేతిలో ఉన్న విద్యను కూడా లాక్కుంటుంది. తరం నుంచి తరానికి అందవలసిన వంట మధ్యలో తెగిపోతుంది. దీనికి ఆ అమ్మాయిని నిందించేవాడు న్యాయం తెలియనివాడు.

ఫలితం కళ్ళముందే ఉంది. 2019-21 సంవత్సరాల్లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. ఇది ఒక్క మతం వారి లెక్క కాదు, అందరిదీ. అయినా మనం ఒకసారి మన ఇళ్ళలోని ఆడవారి అరచేతులు, కనురెప్పల లోపలి భాగం చూస్తే ఆ లెక్క మనదాకా వచ్చిందో లేదో అర్థమవుతుంది. మెట్లెక్కితే ఆయాసం, నమాజులో సజ్దా నుంచి లేస్తే కళ్ళు తిరగడం. దీన్ని 'బలహీనత' అని పేరు పెట్టి తాయెత్తు కోసం వచ్చేవారిని నేను చూశాను. వారికి దుఆ చేస్తాను. దానితో పాటు దవాఖానాకు వెళ్ళి రక్తపరీక్ష చేయించుకోమని, మాత్రలు ఇస్తే మానకుండా వేసుకోమని, ఆ పైన ఆ రోజు ఏం తిన్నారని కూడా అడుగుతాను. తిన్నది చెప్పడానికి వాళ్ళు సంకోచిస్తారు.

చేతగాని వానికి చేసిపెట్టడం

హజ్రత్ అబూజర్ (రజి) ఒకసారి దైవప్రవక్త (స)ను ఆచరణల్లో ఏది శ్రేష్ఠమని అడిగారు. అల్లాహ్‌పై విశ్వాసం, ఆయన మార్గంలో పోరాటం అని సమాధానం వచ్చింది. ఏ బానిసను విముక్తి చేయడం ఉత్తమమని అడిగారు, దానికీ జవాబు వచ్చింది. అది నావల్ల కాకపోతే? అని మళ్ళీ అడిగారు. అప్పుడు ప్రవక్త (స) పని చేసుకునేవానికి తోడ్పడమని, పని చేతగాని వానికి ఆ పని చేసిపెట్టమని ఉపదేశించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది. అరబీలో ఇక్కడ వాడిన పదం 'అఖ్రఖ్'. అంటే చేతిలో నేర్పు లేనివాడు అని అర్థం. అతడిని సోమరి అనలేదు, మూర్ఖుడు అనలేదు. నేర్పు లేదు, అంతే. అతడికి సహాయపడటాన్ని బానిస విముక్తి తర్వాత వరుసలో నిలబెట్టారు. ఒకసారి చేసిపెట్టడం సహాయమైతే, చేసుకోవడం నేర్పడం అంతకంటే నిలిచే సహాయం. మనం నేర్పిన దాల్ ఆమె తన పిల్లలకు వండుతుంది, రేపు తన కూతురికి నేర్పుతుంది. ప్రయోజనం కలిగించే విద్య మనిషి మరణించాక కూడా పుణ్యం చేరవేస్తుందన్న హదీసు మనందరికీ కంఠస్థమే. విద్య అంటే కితాబులోనిదే అనుకుంటాం. పప్పు నానబెట్టడం కూడా ప్రయోజనం కలిగించే విద్యే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. "మౌలానా, పేదవానికి కావలసింది పైసలు. ఉపన్యాసం కాదు. ఇంట్లో పప్పే లేనప్పుడు పప్పు వండటం నేర్పితే ఏం లాభం?" అని ఒక సోదరుడు మసీదులో అందరి ముందే అన్నారు. ఆయన మాట నిజం. వంట నేర్పుతున్నామన్న సాకుతో జకాత్ తగ్గించేవాడు అల్లాహ్‌కు జవాబు చెప్పుకోవాలి. పేదరికానికి మూలం వంట రాకపోవడం కాదు. కూలి చాలకపోవడం, అప్పు, జబ్బు, తాగుబోతు భర్త. దివ్య ఖుర్ఆన్‌లోని మాఊన్ సూరా పేదవానికి అన్నం పెట్టమని ప్రోత్సహించని వాడిని తీర్పుదినాన్ని తిరస్కరించేవాని లక్షణాల్లో లెక్కించింది. ముందు అన్నం. అందులో రాజీ లేదు.

అయితే రెండూ కలిపి చేసిన ఒక మహానుభావుని సంఘటన వినండి. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న కాలంలో ఒక రాత్రి తన సేవకుడు అస్లమ్‌తో మదీనా వెలుపలికి వెళ్ళారు. దూరాన మంట కనిపించింది. దగ్గరికి వెళితే ఒక స్త్రీ, ఏడుస్తున్న పిల్లలు, పొయ్యి మీద కుండ. కుండలో నీళ్ళు తప్ప ఏమీ లేవు. పిల్లలు నిద్రపోయేదాకా వారిని మభ్యపెట్టడానికి ఆమె ఆ నీళ్ళు కాచుతోంది. (మన వక్తలు కుండలో రాళ్ళు ఉన్నాయని చెబుతుంటారు. చరిత్ర గ్రంథాల్లోని ఉల్లేఖనంలో నీళ్ళే ఉన్నాయి. నీళ్ళు చాలవా మనల్ని ఏడిపించడానికి?) ఉమర్ (రజి) వెనక్కి పరుగున వెళ్ళి గోదాము నుంచి పిండి, కొవ్వు తన వీపు మీదనే మోసుకువచ్చారు. నేను మోస్తానన్న అస్లమ్‌ను ప్రళయదినాన నా బరువు కూడా నువ్వే మోస్తావా అని వారించారు.

కథ ఇక్కడితో ఆపేస్తాం సాధారణంగా. తర్వాత ఏం జరిగింది? ఖలీఫా పిండి బస్తా దించి, "తీసుకో అమ్మా" అని వెళ్ళిపోలేదు. ఆమెను పిండి కొద్దికొద్దిగా వేయమని, తాను కలుపుతూ ఉన్నారు. పొయ్యి ఊదుతుంటే పొగ ఆయన గడ్డం వెంట్రుకల మధ్య నుంచి వస్తోందని అస్లమ్ చెప్పారు. ఉడికాక కుండ దించి, పళ్ళెంలో పోసి, చల్లార్చి పిల్లలకు తినిపించారు. వాళ్ళు నవ్వుతూ ఆడుకుని నిద్రపోయేదాకా అక్కడినుండి కదల్లేదు. ఆ స్త్రీకి ఆయన ఎవరో తెలియదు. ఉమర్ కంటే ఈ పదవికి నువ్వే తగినవాడివి అని దీవించింది. ముందు పిండి, తర్వాత పొయ్యి దగ్గర కూర్చోవడం. మనం నేర్చుకోవలసిన వరుస అదే.

అందులో మగవారికి ఒక పాఠం కూడా ఉంది. సగం ప్రపంచాన్ని ఏలిన వ్యక్తికి గంజి కాచడం వచ్చు. ప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే ఇంటి పనుల్లో సాయపడుతూ ఉండేవారని, అజాన్ వినగానే నమాజుకు బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి అన్హా) చెప్పారు. మన కడప, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్ళిన సోదరులకు ఈ విషయం ఎవరూ చెప్పనక్కరలేదు. ఒక గదిలో ఆరుగురు ఉంటే వారానికి ఒకరోజు ఎవరి వంతు వారిదే. అక్కడ ఖిచిడీ, దాల్, సాలన్ అన్నీ వస్తాయి. సెలవులో ఇంటికి రాగానే మాత్రం అన్నీ మరచిపోతారు. ఎందుకో!

ఏమి నేర్పాలి?

నేను హకీమును కాను, డాక్టరును కాను. హైదరాబాద్‌ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ చెప్పే సంగతుల్లో సామాన్యులకు అవసరమైనవి కొన్ని ఉన్నాయి. అవి మన వంటింటికి ఎలా సరిపోతాయో మాత్రం చెబుతాను.

తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషను షాపులో మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. కాబట్టి చాలా పేద ఇళ్ళలో ఇప్పుడు అన్నం కంటే అన్నంలోకి ఏమిటన్నదే పెద్ద సమస్య. మూడు వంతుల బియ్యానికి ఒక వంతు పప్పు ఉండాలని ఆ సంస్థ సూచన. మన ఖిచిడీ సరిగ్గా ఇదే కదా! మూడు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు ఎర్రపప్పు లేక పెసరపప్పు, పసుపు, ఉల్లిగడ్డ, ఉప్పు. పక్కన చింతపండు ఖట్టా. పాతబస్తీలో పొద్దున్నే తినే ఈ నాష్తా పేదవాని తిండే, నవాబు తిండీ అదే. పప్పును వండే ముందు ఒక గంట నానబెడితే గ్యాసు ఎంత మిగులుతుందో ఆ ఇంటావిడకు ఒకసారి చూపిస్తే చాలు, ఇక మరచిపోదు. సిలిండర్ నెల చివరిదాకా రావడం ఆమెకు మీ ఉపన్యాసం కంటే ముఖ్యం.

అన్నం తిన్న వెంటనే చాయ్ తాగే అలవాటు మన ఇళ్ళలో గట్టిగా పాతుకుపోయింది. తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా చాయ్ అడ్డుపడుతుంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత చాయ్ వద్దని పోషకాహార నిపుణులు చెబుతున్నారు. దానికి బదులు పప్పు మీద ఒక నిమ్మచెక్క పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది. ఇది ఒక్క పైసా ఖర్చు లేని పాఠం. చాయ్ మానమనడం లేదు, జరపమంటున్నాం. (మానమంటే మన అమ్మీలు రెండో రోజు క్లాసుకు రారు.)

అంబాడా, అంటే గోంగూర, మునగాకు, చింతచిగురు మన పెద్దవాళ్ళ వంటలే. ఆకుకూర పప్పు, చిగురు పప్పు మళ్ళీ పళ్ళెంలోకి రావాలి. మాంసం కొనలేని ఇంటికి దాల్చా ఉంది: పావు కిలో బొక్కలు, శనగపప్పు, సొరకాయ, చింతపండు. ఆరుగురు తింటారు. కోడి కాలేయం మామూలు చికెన్ కంటే చౌకగా దొరుకుతుంది, ఇనుము దాంట్లో మెండు. బాగా ఉడికించాలి. గర్భిణీలు మాత్రం ఎంత తినాలో డాక్టరమ్మను అడిగి తినాలి. గుడ్డు ఉండనే ఉంది.

ఒక సంగతి మాత్రం తల్లులకు నొక్కి చెప్పాలి. చంటిబిడ్డకు పప్పు మీది తేట, అన్నం వార్చిన గంజి పోసి, తిండి పెట్టామనుకుంటారు. ఆరు నెలలు నిండిన బిడ్డకు తల్లిపాలతో పాటు చెంచాలో నిలిచేంత గట్టిగా మెత్తని ఖిచిడీ కావాలి. తేటతో కడుపు నిండుతుంది కాని ఒళ్ళు పెరగదు. తల్లిపాలు మానిపించవద్దు, పాలిచ్చే గడువును రెండు సంవత్సరాలుగా దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలో పేర్కొంది. ప్రవక్త (స) కూర వండినప్పుడు అందులో నీళ్ళు ఎక్కువ పోసి పొరుగువారికి పంచమని అబూజర్ (రజి)కి చెప్పిన హదీసును కొందరు అన్ని చోట్లా అన్వయిస్తుంటారు. ఆ నీళ్ళు పొరుగువాని వంతు కోసం. మన బిడ్డ గిన్నెలోంచి పప్పు తగ్గించడానికి కాదు. మా మదరసాలో కూడా నెల మొదట్లో దాల్ చిక్కగా ఉండేది, నెలాఖరుకు అందులో చంద్రుణ్ణి చూసుకోవచ్చు. బావర్చీని అడిగితే ఈ హదీసే చదివేవాడు.

ఈ మధ్య 'సున్నత్ ఆహారం' అని ముద్రవేసి బార్లీ ప్యాకెట్లు ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. ప్రవక్త (స) ఇంట్లో మరణం సంభవించినవారికి, జబ్బుపడినవారికి బార్లీ పిండితో చేసే తల్బీనా అనే జావ మనసుకు ఊరటనిస్తుందని చెప్పినట్లు హజ్రత్ ఆయిషా (రజి అన్హా) ఉల్లేఖించారు. నిజమే. ఇష్టంగా తినేవారు తినవచ్చు. కాని మదీనాలో బార్లీ అంటే గోధుమలు కొనలేనివారి ధాన్యం. దక్కనులో ఆ స్థానం జొన్నది, రాగిది. అప్పుచేసి బార్లీ ప్యాకెట్టు కొన్న ఇంటావిడ కంటే, కొట్టులో దొరికే రాగులతో జావ కాచి పక్కింటి రోగికి పంపిన ఇంటావిడ ఆ హదీసు సారాన్ని ఎక్కువగా అందుకుందని నా అభిప్రాయం.

కొలత కూడా నేర్పాలి. ఆహారధాన్యాన్ని కొలుచుకుంటే అందులో శుభం కలుగుతుందన్న భావం గల హదీసు బుఖారీలో ఉంది. కళ్ళ అంచనాతో పోసేవారి ఇంట్లో ఇరవయ్యో తారీఖుకే డబ్బా ఖాళీ అవుతుంది.

ఒక వృద్ధురాలి కుండ

హజ్రత్ సహ్ల్ బిన్ సఅద్ (రజి) చెప్పిన సంగతి ఇది. మదీనాలో ఒక స్త్రీ ఉండేది. తన పొలం కాలువ గట్లపై 'సిల్ఖ్' అనే ఆకుకూర, అంటే బీట్‌రూట్ జాతి మొక్క, వేసుకునేది. జుమా రోజున దాని దుంపలు పీకి కుండలో వేసి, పైన గుప్పెడు బార్లీ పిండి కలిపి ఉడికించేది. అందులో కొవ్వు లేదు, మాంసం లేదు. దుంపే మాంసం ముక్కలాగా ఉండేదట. జుమా నమాజు తర్వాత సహాబాలు ఆమె ఇంటికి వెళ్ళి సలాం చేసేవారు, ఆమె ఆ కుండను వారి ముందు పెట్టేది. ఆ తిండి కోసం మేము జుమా రోజు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాళ్ళం అన్నారాయన.

ఇమామ్ బుఖారీ (రహ్మ) ఈ ఉల్లేఖనాన్ని ఒక్కచోట రాసి ఊరుకోలేదు. జుమా ప్రకరణంలో, వ్యవసాయ ప్రకరణంలో, భోజన ప్రకరణంలో, సలాం మర్యాదల ప్రకరణంలో తీసుకువచ్చారు. ఆమె పేరు మాత్రం ఆ ఉల్లేఖనంలో లేదు. ఆమె కుండలో ఏమేమి వేసేదో ఉంది.

ఇటువంటి స్త్రీలు ప్రతి మొహల్లాలో ఉన్నారు. వాళ్ళే మన ఉస్తాదులు. బయటినుంచి ఎవరో టోపీ పెట్టుకున్న వంటమాస్టరును తెచ్చి మైకు ఇవ్వనక్కరలేదు. యాభై ఏళ్ళుగా తక్కువలో తక్కువ పైసలతో పది మందిని పెంచిన ఖాలాను అడగండి. ఆమెకు మనం ఇవ్వవలసింది నాలుగు కొత్త సంగతులు - చాయ్ సంగతి, నిమ్మకాయ సంగతి, చంటిబిడ్డ సంగతి, కొలత. మిగతాదంతా ఆమె దగ్గరే ఉంది. ఐదారుగురు అమ్మాయిలు ఒక ఇంట్లో, జుహర్ తర్వాత, వారానికి రెండు రోజులు చాలు. వండింది అందరూ కలిసి తినాలి, మిగిలింది పిల్లలకు తీసుకుపోవాలి. ఆ ఇంట్లో ఉన్న పొయ్యి మీదనే, ఉన్న గిన్నెలతోనే. మిక్సీ లేని ఇంట్లో మిక్సీతో నేర్పితే అది వంటపాఠం కాదు, మన గొప్ప చూపుకోవడం.

నేర్పే సోదరీమణులు ఒక విషయంలో అల్లాహ్‌కు భయపడాలి. ఆ ఇంటి గట్టు మీద మురికి ఉండవచ్చు. నూనె సీసా అడుగున చుక్క మాత్రమే ఉండవచ్చు. దాని గురించి బయట ఒక్క మాట పొక్కకూడదు. దెప్పిపొడుపుతో, బాధపెట్టడంతో దానం వ్యర్థమైపోతుందని బఖరా సూరా హెచ్చరించింది. ఫోనులో ఫోటోలు తీసి నలుగురికి పంపడం దెప్పిపొడుపు కాదని ఎవరైనా అంటే, ఆ ఫోటోలో ఉన్నది తన సొంత చెల్లెలు అనుకుని మళ్ళీ ఆలోచించమనండి. అదే సూరా అడగడానికి అభిమానపడే పేదవారి గురించి చెబుతూ, తెలియనివారు వారిని ఉన్నవారనుకుంటారని తెలిపింది. అలాంటి ఇంటి అమ్మాయి 'పేదల వంట క్లాసు' అని బోర్డు పెట్టిన చోటికి ఎందుకు వస్తుంది? బోర్డు వద్దు. "ఆపా, ఈ రోజు మా ఇంట్లో దాల్చా చేస్తున్నాం, తోడు రండి" అనండి, వస్తుంది. ఆమె ఏదైనా వండి పెడితే ముఖం చిట్లించకుండా తినండి. గొర్రె గిట్ట అయినా సరే పొరుగింటి నుంచి వచ్చినదాన్ని చిన్నచూపు చూడవద్దని ప్రవక్త (స) ప్రత్యేకంగా స్త్రీలనే ఉద్దేశించి చెప్పారు. ఆయన ఏనాడూ ఏ వంటకాన్నీ వంకపెట్టలేదు. ఇష్టమైతే తిన్నారు, లేకపోతే వదిలేశారు.

ఇక ఖర్చు సంగతి. దీనికి జకాత్ సొమ్ము వాడవచ్చా అని మసీదు కమిటీల వారు అడుగుతుంటారు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ చెల్లాలంటే హక్కుదారుడైన పేదవానికి ఆ సొమ్మును లేక వస్తువును సొంతం చేసి ఇవ్వాలి. దీన్ని 'తమ్లీక్' అంటారు. కాబట్టి నేర్పేవారి జీతం, గది అద్దె, క్లాసులో కాలే గ్యాసు వగైరా జకాత్ నుంచి పెట్టకూడదు. వాటికి నఫిల్ సదఖా, లిల్లాహ్ నిధి ఉన్నాయి. అందరినీ కూర్చోబెట్టి వడ్డిస్తే కూడా జకాత్ చెల్లదు. అదే తిండిని గిన్నెలో పెట్టి హక్కుదారుని చేతికి సొంతంగా ఇచ్చేస్తే చెల్లుతుంది. పప్పు, నూనె, కుక్కర్ వంటివి హక్కుదారులైన వారికి జకాత్ నుంచి ఇచ్చేయవచ్చు. ఇతర మస్లకుల వారు తమ ఆలిములను సంప్రదించాలి. రంజాన్ కిట్లు తయారుచేసే సోదరులకు ఇదే సందర్భంలో ఒక మనవి. ఆ సంచిలో ఐదు కిలోల మైదా, మూడు కిలోల చక్కెర దేనికి? అందులో సగం తీసి పెసరపప్పు, శనగలు, వేరుశనగలు పెట్టండి. సహరీలో తిన్నది అస్ర్ దాకా నిలుస్తుంది.

నేర్పవలసిన పాఠాల్లో ఒకటి బక్రీదుకు ముందే జరగాలి. ఆ మూడు రోజుల్లో పేద ఇంటికి పది ఇళ్ళ నుంచి మాంసం వస్తుంది. ఫ్రిజ్ ఉండదు. రెండో రోజుకు వాసన, మూడో రోజుకు పారబోయడం, లేదా పాడైనది తిని పిల్లలకు వాంతులు. ప్రవక్త (స) ఒక సంవత్సరం కరువుతో పేదలు వచ్చినందున ఖుర్బానీ మాంసాన్ని మూడు రోజులకు మించి ఉంచుకోవద్దన్నారు. మరుసటి సంవత్సరం తినడానికి, తినిపించడానికి, దాచుకోవడానికి అనుమతించారు. దాచుకునే పద్ధతి మన పెద్దలకు తెలుసు. మాంసాన్ని కొవ్వు తీసి, వేలి మందం కన్నా సన్నగా, పొడుగ్గా కోయాలి. వచ్చిన రోజే కోయాలి, మరునాటికి వాయిదా వేయకూడదు. దండిగా ఉప్పు, పసుపు పట్టించి, దారానికి గుచ్చి, ఈగలు వాలకుండా పలుచని బట్ట కప్పి మంచి ఎండలో పెట్టాలి. సాయంత్రం లోపలికి తీసి, మళ్ళీ ఎండకు వేయాలి. విరిస్తే పుల్లలా విరగాలి. వంగితే ఇంకా ఎండలేదన్నమాట. 2027, 2028 సంవత్సరాల్లో బక్రీదు మే నెలలోనే వస్తుంది, ఎండకు లోటు ఉండదు. ఇలా చేసిన సూఖా గోష్త్‌ను మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టుకుని, వాడే ముందు నానబెట్టి, కడిగి, గోంగూరలోనో పప్పులోనో గుప్పెడు వేసి బాగా ఉడికిస్తే ఆ ఇంటికి కొన్ని వారాలపాటు మాంసం రుచి అందుతుంది. ఈ పని తెలిసిన నానీలు, దాదీలు మొహల్లాలో ఎవరున్నారో జుల్‌హిజ్జా నెలవంక కనపడకముందే కనుక్కుని పెట్టుకోండి.